నా కంట్లో పడిన మామిడి సొన

నాకు డెబ్బై దాటాయి. బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే, మిగతా చదువంతా పేపర్లు తిరగేసి నేర్చుకున్నదే. విస్సన్నపేట దగ్గర మాకు మామిడి తోట ఉంది. నిరుడు మా కోతలు మొదలవకముందే అమ్మాయి, అల్లుడు నన్నూ నా భార్యనూ థాయ్‌లాండ్ తీసుకెళ్ళారు. అక్కడ ఒక మామిడి తోట చూశాం. కూలీలు కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఒక్కో కాయనూ పొడవాటి తొడిమతో తాపీగా కోస్తున్నారు. చూస్తుంటే నాకు కాలు నిలవలేదు.

“ఇలాగైతే తోట ఎప్పటికి ఖాళీ అవుతుంది?” అంటూ ఒకామె చేతిలోని, కాయ పడేందుకు వల కట్టిన చిక్కం గడ లాక్కుని, మన పద్ధతిలో ఒక్క గుంజు గుంజాను. తొడిమ ఊడి, సొన సూటిగా నా కంట్లో చిమ్మింది. కన్ను తెరుచుకోలేదు. చూపు పోయిందనుకుని చంటిపిల్లాడిలా కేకలు పెట్టాను. ఆమే నన్ను కూర్చోబెట్టి, చాలాసేపు నీళ్ళతో కడిగింది.

“మన తోటలో కూలీ వెంకయ్య కోతలో కళ్ళు నులుముకుంటే, ‘సొనకే ఏడుస్తావేంట్రా’ అన్నారు మీరు. గుర్తుందా?” అంది నా భార్య.

గుర్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట అది. ఆ రాత్రి హోటల్లో నాకు నిద్ర పట్టలేదు.

ఊరికి రాగానే కోత కూలీలందరికీ అద్దాలు కొన్నాను. వెంకయ్య తనవి అటూ ఇటూ తిప్పి చూసి, “మీ కన్ను మండితేగానీ మాకు అద్దాలు రాలేదండీ” అన్నాడు.

వ్యాపారుల మీద, అధికారుల మీద పత్రికలకు ఎన్నో ఉత్తరాలు రాశాను. నా మీద నేను రాసుకుంటున్నది ఇదొక్కటే.