పోలరాజు జేబులో కంచు ముక్క

పోలరాజుకి అరవై ఎనిమిదేళ్లు. పద్నాలుగో ఏట నుంచీ టాటానగర్‌లోని భాలుబాసా బస్తీలో అతనికున్న పేరు ‘గంట పగలగొట్టినోడి కొడుకు’. పెళ్లిలో చుట్టాలకి పరిచయం చేసినా, రేషను లైనులో చోటు అడిగినా ముందు ఆ మాటే. ఆ పేరు అంటించినవాణ్ణి నేనే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఇక్కడినుంచి చెప్పబోయేదాంట్లో అబద్ధం లేదు, అది నాకు అలవాటు లేని పని.

పోలరాజు తండ్రి ముత్యాలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇదే ఊళ్లో సాక్చీ పాత కోర్టులో జవానుగా చేరాడు. కోర్టు వరండాలో దూలానికి ఒక కంచు గంట వేలాడేది. దొరల కాలం నాటిది. కోర్టు మొదలైందని పొద్దున పది దెబ్బలు, ముగిసిందని సాయంత్రం ఐదు. కర్ర సుత్తితో బయటినుంచి కొట్టాలి. పన్నెండేళ్లు ముత్యాలే కొట్టాడు. 1971 జనవరిలో ఒక చలి పొద్దున ఏడో దెబ్బకి గంట మోగడం మానేసి, పగిలిన కుండలా చప్పుడు చేసింది. అంచు నుంచి పైకి జానెడు బీట.

అధికారి వచ్చి చూసి, ఒళ్లు తెలియకుండా కొట్టావన్నాడు. గంట పని తీసేసి మంచినీళ్ల కుండలు మోయడానికి పెట్టాడు. ముత్యాలు మరో పదకొండేళ్లు నీళ్లు మోసి, రిటైరై, ఎక్కువ కాలం బతకలేదు. ఎవరు కదిపినా ఒక్కటే మాట అనేవాడు: “నేను గట్టిగా కొట్నేదు.”

ఆ రోజుల్లో నేను టాటానగర్ స్టేషన్ పార్సెల్ ఆఫీసులో కొత్తగా చేరిన గుమస్తాని. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదివినవాణ్ణి. అబద్ధం ఆడితే నాలుక మీద సబ్బు రుద్దేవారు. దానివల్ల నాకు సబ్బు రుచి బాగా తెలిసింది తప్ప ఇంకేమీ మారలేదు. టీ కొట్టు దగ్గర ముత్యాలు కథ నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆ పొద్దున పెళ్లాం ఉప్పులేని గంజి పోసిందనీ, ఆ కోపమంతా గంట మీద చూపించాడనీ, ఆ చప్పుడికి జడ్జీగారి కళ్లజోడు ఎగిరి సువర్ణరేఖ నది దాటి మాంగోలో చేపలమ్మే ఆవిడ తట్టలో పడిందనీ, బోనులో ఉన్న ముద్దాయి తను చేయని రెండు నేరాలు కూడా ఒప్పేసుకున్నాడనీ. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ఏటేటా కథకి ఒక గది కట్టాను. పదేళ్ల కిందట మన తెలుగు సంఘం వాళ్లు సంచిక వేస్తామంటే, కథలోంచి కళ్లజోడు తీసేసి, గంభీరంగా చరిత్ర అన్నట్టు రాసిచ్చాను. వాళ్లు అచ్చువేశారు.

పోలరాజు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నా కథ అయ్యేదాకా టీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చేసి, ఫౌండ్రీకి వెళ్లిపోయేవాడు. అక్కడ ముప్పయ్యారేళ్లు అచ్చులు కట్టి, కరిగిన లోహం పోశాడు. కాంట్రాక్టు పనే. ఆ చప్పుళ్లకి చెవులు పోయాయి, ఆ వేడికి మోకాళ్లు పోయాయి. ఇప్పుడు అరుగు మీద కూర్చుంటే లేవడానికి రెండు ప్రయత్నాలు పడుతుంది.

కిందటి వానాకాలంలో పాత కోర్టు గంటని బాగుచేయించాలని ఊళ్లో వాళ్లు ఒక కమిటీ పెట్టారు. వకీళ్లు, సాక్చీ బజారు దుకాణదారులు, బెంగాలీలు, పంజాబీలు, మనవాళ్లు. కార్యదర్శి సత్యప్రసాద్, కోర్టు బయట చెట్టు కింద టైపు చేసుకునే మన తెలుగువాడే. సెప్టెంబరులో వచ్చే విశ్వకర్మ పూజ నాటికి గంట మోగాలని తీర్మానం. మన ఊళ్లో పనికన్నా ముందు శిలాఫలకం తయారవుతుంది. అదీ అయిపోయింది.

ఇక పని. మా ఊళ్లో ఏది విరిగినా ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట వెల్డింగు. గేటు, సైకిలు, మంచం, దుర్గమ్మ సింహం తోక, అన్నీ అలా అతికినవే. ఒక పెళ్లిలో చెక్కపీట విరిగితే కూడా ఒకడు వెల్డింగు రాడ్డు తెస్తానన్నాడు. గంటని ఒక షెడ్డుకి తీసుకెళ్లి, ఇనప రేకుని అతికినట్టే కరెంటు వెల్డింగు పెట్టారు. కంచు ఇనుము కాదు. ఒక్కచోట అంత వేడి తగిలేసరికి అది పెటిల్లుమంది. బీట ఇంకో నాలుగు వేళ్లు సాగింది, అంచు దగ్గర అరచేతి వెడల్పు ముక్క ఊడి కిందపడింది.

అప్పుడు సత్యప్రసాద్ పోలరాజు ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

“మావయ్యా, నువ్వే రావాలి. పూజకి ఇంక నెలే ఉంది,” అన్నాడు.

“ఏటి?” అన్నాడు పోలరాజు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని.

అతని భార్య జోగమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ గట్టిగా అరిచింది. “గంట ఇరగ్గొట్టీసినారట! నిన్ను అతకమంటన్నారు!”

“మళ్లీనా?” అన్నాడు పోలరాజు. “ఈసారి మా అయ్య లేడు కదా. ఎవులు కొట్టినారు?”

మనవరాలు వెన్నెల ఫోనులోంచి తలెత్తి, “దాదూ, ఛోడియే నా. ఆప్‌కే ఘుట్నే దేఖే హైఁ?” అని హిందీలో గట్టిగా వద్దంది, అతని మోకాళ్లు చూపిస్తూ.

“మోకాళ్లతో అతకనే,” అన్నాడు పోలరాజు. గోడ పట్టుకుని రెండోసారికి లేచాడు.

షెడ్డులో గంట ఇనప స్టాండు మీద ఉంది. ఊడిన ముక్కని ఎవరో నూనెడబ్బా మీద పెట్టారు. పోలరాజు దాన్ని తీసుకుని, విరిగిన ముఖాన్ని ఎండకేసి తిప్పాడు. బొటనవేలి గోరుతో గీశాడు. ఉమ్మితో తడిపి మళ్లీ చూశాడు. తర్వాత ముక్కని లుంగీ మీద తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ బరువుకి జేబు పొట్ట మీదకి వేలాడింది.

గోడకి ఆనించి శిలాఫలకం ఉంది. హిందీలో చెక్కారు. పోలరాజుకి హిందీ మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. నన్ను చదవమన్నాడు. మధ్య వరుసలో ఉన్నదాని అర్థం ఇది: ‘జవాను ముత్యాలు చేతి దెబ్బకు 1971లో పగిలిన ఈ గంటను పట్టణ ప్రజలు బాగుచేయించారు.’ సంఘం సంచికలోంచి తీసుకున్న మాట. నా మాట.

గట్టిగా చదవాలి కదా, అతనికి వినబడాలంటే. షెడ్డంతా విన్నది.

పోలరాజు జేబులో ముక్కతోనే ఇంటికి వచ్చేశాడు. నాలుగు రోజులు షెడ్డు వైపు వెళ్లలేదు. ఐదోనాడు నేను వెళ్తే, జేబులోంచి ముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

“సూడు బావా. ఈ కొస మెరుత్తంది కదా, పంచదార పలుకుల్నాగ? ఇది మొన్న ఈళ్లు ఇరగ్గొట్టింది. దాని పక్కన మట్టిరంగు ఉంది కదా, అది మా అయ్య నాటిది. ఎంతుంది? ఏలెడు. మరి ఆ లోపల నల్లగా, నున్నగా ఉన్నదేటి?”

గోరు పెట్టి చూశాను. విరిగిన లోహం గరుకుగా ఉండాలి. అక్కడ మాత్రం గాజులా జారింది, అంచు గుండ్రంగా తిరిగి ఉంది.

“పోత పోసినప్పుడు రెండు పక్కల్నించి కంచు వత్తాది,” అన్నాడు. “కలిసే చోట చల్లారిపోతే అతుక్కోదు. పక్కపక్కన పడుకుంటాది, అంతే. పైకి ఏటీ కనబడదు. ఈ గంట పుట్టినప్పుడే ఇరిగుంది బావా. దొరలు పోసిన తప్పు. మా అయ్య గట్టిగా కొట్నేదు.”

ముక్క తిరిగి తీసుకుని మళ్లీ అన్నాడు. “నువ్వు సెప్పు ఆళ్లకి. నువ్వు రాసిందే కదా.”

వెళ్లాను. చెట్టు కింద సత్యప్రసాద్ ఎదురుగా కూర్చుని, ఆ కథంతా నేను అల్లిందేననీ, గంజి, కోపం, గట్టి దెబ్బ అన్నీ నావేననీ, గంటలోనే లోపం ఉందనీ చెప్పాను. అతను టైపు ఆపి నవ్వాడు.

“తాతగారూ, ఇది ఇంకా బాగుంది. దొరల తప్పు! దీన్ని కూడా సంచికలో వేద్దుమా?”

“ఒట్టు రా బాబూ.”

“కళ్లజోడు మీద కూడా ఒట్టేసినారు కదండి మీరు, మా చిన్నప్పుడు.”

ఇంటికి వెళ్తుంటే ఎండలో మాంగో వంతెన మీద ఆటోలు ఆగిపోయి గంటసేపు ఇరుక్కున్నాను. డెబ్బయ్యారేళ్లలో నా మాటని ఎవరూ నమ్మలేదని నేను బాధపడింది ఆ ఒక్క గంటే.

చివరికి సత్యప్రసాద్ తేదీ దగ్గరపడుతోందన్న భయంతో కమిటీనీ పోలరాజునీ షెడ్డుకి పిలిచాడు. వచ్చినవాళ్లలో దేముడు అనే అతనూ ఉన్నాడు. పోలరాజుతోపాటు అదే ఫౌండ్రీలో పనిచేసి రిటైరయ్యాడు. పోత చల్లారాక దాని మీది ఎచ్చుతగ్గులన్నీ ఉలితో చెక్కి నున్నగా చేసే పని అతనిది. పోలరాజుని ‘ఏరా గంటా’ అని ముప్పయ్యేళ్లు పిలిచింది కూడా అతనే.

పోలరాజు జేబులోంచి ముక్క తీశాడు. దాన్ని దేముడు చేతిలో పెట్టి, స్టూలు మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకున్నాడు.

దేముడు గుమ్మం దగ్గరికి వెళ్లి వెలుతుర్లో తిప్పి చూశాడు. గోరుతో గీశాడు. ఉమ్మితో తడిపాడు. సరిగ్గా పోలరాజు చేసినట్టే. పక్కనున్న బెంగాలీ మేస్త్రీ కూడా తీసుకుని చూసి, తిరిగి ఇచ్చాడు. ఫౌండ్రీలో చేసిన మరో ఇద్దరు చూశారు. వకీళ్లకి మాత్రం అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

దేముడు పోలరాజు ముందుకి వచ్చి, చెవిలో అరిచాడు. “కలవని పోత రా ఇది! పన్నెండేళ్లు ఎలా మోగింది? మీ అయ్య మెల్లగా కొట్టబట్టే అన్నాళ్లు నిలిచింది. నానైతే మొదటి రోజే పగలగొట్టీసుందును.”

పోలరాజు తల ఊపాడు. మొహంలో సంతోషమేమీ కనిపించలేదు. చాలా దూరం మోసుకొచ్చిన మూట దించాక చేతులు కాసేపు అలాగే వంగి ఉంటాయి చూడండి, అలా ఉన్నాడు.

సత్యప్రసాద్‌కి ఒక ఆలోచన వచ్చి, గట్టిగా చెప్పాడు. “మావయ్యా, ఇలా చేద్దుము. ముక్కని అద్దాల పెట్టెలో పెడదుము, సాక్ష్యం కింద. గంటని పగిలినట్టే పక్కన పెడదుము. అప్పుడు కమిటీలో మాటాడి రాయి కూడా మార్పించొచ్చు. ముక్క గంటలోకి పోయిందంటే మరి చూపించడానికి ఏటీ ఉండదు కదా.”

నిజమే. ఆ ముక్క తిరిగి అతికితే, ఆ నల్లటి ముఖం లోహం కింద శాశ్వతంగా కప్పబడిపోతుంది. అతకకపోతే గంట మోగదు. అందరం పోలరాజు వైపు చూశాం. అతను దేముడి చేతిలోంచి ముక్క తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

“మా అయ్య గంట కొట్టినోడు,” అన్నాడు చివరికి. “మూగ గంట పక్కన ఆయన పేరెందుకు? బొగ్గులు తెప్పించండి.”

“మరి రాయో?” అన్నాడు సత్యప్రసాద్.

“సూడాల్సినోళ్లు సూసినారు.”

గంట చుట్టూ ఇటుకలు పేర్చి, బొగ్గుల కుంపటి చేసి, గంటనంతా ఒకే వేడికి మెల్లగా తెచ్చాడు. అదే రకం కంచు కరిగించి బీటలో పోసి, ముక్కని అతికాడు. తర్వాత బూడిదలో పాతిపెట్టి ఆరు రోజులు ఎవర్నీ ముట్టనివ్వలేదు. సత్యప్రసాద్ రోజూ వచ్చి, “మావయ్యా, చల్లారుంటాది కదా,” అనేవాడు. పోలరాజు వినబడనట్టు ఊరుకునేవాడు. నిజంగా వినబడలేదో, అక్కర్లేకో నాకు తెలియదు. ఆ ఆరు రోజులూ స్టూలు మీదే కూర్చుని కునికాడు. జోగమ్మ అక్కడికే కేరేజీ పంపేది.

ఏడోనాడు బూడిద తోడి, గంటని వేలాడదీసి, దేముడి చేతికి కర్ర సుత్తి ఇచ్చాడు. దేముడు మెల్లగా ఒక్కటి కొట్టాడు.

“ఎలాగుంది?” అని అడిగాడు పోలరాజు.

“కొంచెం జలుబు చేసింది! కానీ మోగింది!”

పూజకి ముందురోజు మధ్యాహ్నం గంటని కోర్టు వరండాలో దూలానికి ఎక్కిస్తున్నారు. శిలాఫలకం అప్పటికే గోడలో బిగించేశారు. నేను వెళ్లేసరికి దేముడు దాని ముందు గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. పక్కన సుత్తి, ఉలి.

“బావా, నువ్వు సదువుకున్నోడివి. ముత్యాలు పేరెక్కడుందో సూపించు. అది ఉంచాల. దెబ్బన్నది ఎక్కడుంది?”

“కమిటీ ఒప్పుకుందా?”

“కమిటీ భోజనానికి ఎలిపోనాది.”

సుద్దముక్క తీసుకుని నేను రాసిన మాటల చుట్టూ నేనే గీత గీశాను. ‘చేతి దెబ్బకు’, ‘పగిలిన’, ఆ ఏడాది. దేముడు చెక్కడం మొదలుపెట్టాడు. డెబ్బయ్యేళ్ల చెయ్యి, నాలుగు దెబ్బలకోసారి ఆగుతోంది. తెల్లటి పొడి అతని మీసాల మీద పడింది. సత్యప్రసాద్ తిరిగొచ్చి చూసి, వెళ్లి కుర్చీలు సర్దుకున్నాడు.

గంట ఎక్కించడం అయ్యాక పోలరాజు దూలం దగ్గర్నుంచి కుంటుకుంటూ వచ్చాడు. రాయి ముందు నిలబడ్డాడు. అక్షరం రాకపోయినా నన్ను చదవమనలేదు. సుద్దగీత బయట మిగిలిన అక్షరాల్ని చూశాడు. మధ్యలో చెక్కేసిన చోట వేలు పెట్టి అటూ ఇటూ రుద్దాడు.

“లోతెక్కువైపోనాది,” అన్నాడు.

“ఏటి?” అన్నాడు దేముడు.

“ఇంత దిగక్కర్నేదంటన్నాను. తొందరపడ్డావు.”

“అయితే నువ్వు సెక్కు!”

“నా వల్ల కాదు,” అని పోలరాజు గోనెసంచి మీద, దేముడి పక్కన, మెల్లగా కూలబడ్డాడు. కాళ్లు చాపుకున్నాడు. “అంచు ఒక్కటి సదును చెయ్. ఆ తర్వాత ఇంటికి పోదుము.”