మంచుకు ఓర్చే చెట్లు

మా అక్క ఫోన్ చేసిన పొద్దున నేను నర్సరీలో మామిడి అంట్లకు నీళ్ళు పెడుతున్నాను. కోవూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన ఉంటుంది మా నర్సరీ. క్రిస్మస్‌కు, నా పుట్టినరోజుకు తప్ప ఆమె ఫోన్ చేసేది కాదు. అప్పుడు ఫిబ్రవరి నెల. ఏమైందోనని గబగబా ఎత్తాను.

"అబ్బయ్యా, మంచు పడే చోట బతికే కొబ్బరిచెట్టు ఉంటదా?" అని అడిగింది.

"కొబ్బరి బతకదక్కా. ఒక్కసారి మంచు పడితే చాలు, మొవ్వులో చిగురే కుళ్ళిపోతది."

"పోనీ, అట్టాంటిదే ఇంకోటి? వంటింటి కిటికీలోంచి చూస్తే మన తోట మాదిరి ఉండాల."

తోట అనే మాట ఆమె నోట విని తొమ్మిదేళ్ళయింది. "చూస్తాలే" అన్నాను. ఆ తరవాత ఫోన్ పెట్టేశాం.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి నాకు అన్నం పెట్టిందీ, బడికి పంపిందీ, ఆదివారం తల దువ్వి చర్చికి తీసుకుపోయిందీ ఆమే. సముద్రానికి దగ్గరగా మాకు ఇరవై ఎనిమిది కొబ్బరిచెట్ల తోట ఉండేది. నాన్న నాటితే, ఆ ఇసకలో ఎండాకాలమంతా బిందెలతో నీళ్ళు మోసి వాటిని బతికించింది అక్క. తరవాత నర్సు చదువు చదివి, హిమాచల్ కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగానికి పోయింది. పెళ్ళి చేసుకోలేదు. నన్ను చదివించింది. ఏటా సెలవులకు వచ్చేది. బస్సు దిగి సంచి భుజాన ఉండగానే ముందు తోటలోకి పోయి, ఆ తరవాతే ఇంటికి వచ్చేది.

నాన్న పోయాక తోట నా చేతికి వచ్చింది. చుట్టుపక్కల అందరూ రొయ్యల గుంటలు తవ్వారు. ఉప్పునీళ్ళు ఊరి మా చెట్లకు పిందెలు రాలడం మొదలైంది. నేనూ పొలాన్ని గుంటలకు లీజుకు ఇచ్చేశాను. రెండు రోజుల్లో ఇరవై ఎనిమిది చెట్లూ నేల కూలాయి. అక్కకు చెప్పలేదు. ఆ ఏడు మే నెలలో ఆమె ఎప్పటిలాగే సంచితో నేరుగా అక్కడికి పోయింది. నేను పరుగున పోయేసరికి పొక్లెయిన్ మట్టి తీస్తూ ఉంది. అక్క గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగింది, మా పాపను దగ్గరకు తీసుకుంది. మర్నాడు నెల్లూరులో రైలెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అందుకే ఆ ఫోన్ వచ్చినప్పుడు మా ఆవిడ, "నోరు తెరిచి అడిగింది కదా, నువ్వే పోయి పెట్టి రా" అంది.

నాకు తెలిసినవి కొబ్బరి, తాటి, ఈత, పోక, ఇంకా ఊళ్ళో వాళ్ళు గేటు ముందు పెట్టుకునే అలంకారం రకాలు. మంచుకు ఓర్చేవి ఏవో తెలియదు. నెల రోజులు ఫోన్లో వీడియోలు చూశాను, గోదావరి వైపు నర్సరీల వాళ్ళను అడిగాను. అక్కను కూడా అడుగుతూ వచ్చాను. మంచు ఎన్నాళ్ళు నేల మీద ఉంటుంది, ఎండ ఏ గోడకు తగులుతుంది, వాన నీళ్ళు ఎటు పోతాయి. ఆమె ఓపికగా చెప్పేది. జనవరిలో బయట పెట్టిన బకెట్లో నీళ్ళు గడ్డ కడతాయంది. తొమ్మిదేళ్ళలో మేం అంతగా మాట్లాడుకున్నది ఆ నెలలోనే.

నాకు అర్థమైంది ఏమంటే, చలిని బాగా తట్టుకునేవన్నీ తాటాకులాగా విసనకర్ర ఆకు ఉన్నవే. వాటిలో విండ్‌మిల్ పామ్ గట్టిది. మాను చుట్టూ గోధుమరంగు పీచు కప్పుకొని ఉంటుంది, మంచు మీద పడినా ఓర్చుకుంటుంది. కొబ్బరి మట్టలాగా వంగే ఆకు కావాలంటే పిండో పామ్ ఒక్కటే దారి. అది కాస్త చలికి ఆగుతుంది గానీ, చలిలో మొవ్వు తడిస్తే బతకదు. గోనె చుట్టి కాపాడుకోవాలి. విండ్‌మిల్‌వి రెండు, పిండో ఒకటి అనుకున్నాను. విండ్‌మిల్ మొక్కలు ఆ కొండల కిందే దొరుకుతాయని తెలిసి, వాటిని దారిలో కొన్నాను. పిండోను మాత్రం ఇక్కడినుంచి అట్టపెట్టెలో పెట్టుకొని, రైల్లో నా కాళ్ళ దగ్గర ఉంచుకొని తీసుకుపోయాను. ఏప్రిల్ నెల. వేసవి ముందుంటే వేరు పట్టుకుంటుందని ఆ నెల ఎంచుకున్నాను.

అక్క తలుపు తీసినప్పుడు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మనిషి సగమైంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బట. ఏడాదిన్నర అయిందట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఏం చేస్తావు? రా, చేతులు కడుక్కో. అన్నం చల్లారిపోతది."

"నెల్లూరు పోదాం పదక్కా. అక్కడ ఆసుపత్రులు లేవా?"

"అక్కడికొచ్చి ఏం చూడాల? గుంటలా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

పెరడు చిన్నది, కిందికి వాలుగా ఉంది. ఆసుపత్రిలో పనిచేసే ఒక పెద్దావిడ, అందరూ ఆయా అంటారు, పార తెచ్చి ఇచ్చింది. ఎండ తగిలే రాతిగోడ పక్కన, నీళ్ళు నిలవకుండా అడుగున గులకరాళ్ళు వేసి, మూడు గుంటలు తీశాను. పిండోను కిటికీకి ఎదురుగా పెట్టాను. అక్క లోపలినుంచి కుర్చీ తెప్పించుకుని శాలువా కప్పుకొని కూర్చుంది. నేను మట్టి తొక్కుతుంటే, "అంత గట్టిగా వద్దురా, దానికి ఊపిరాడొద్దా" అంది.

మూడూ నిలబెట్టాక పక్కకు జరిగి, "ఎట్టుండాయి?" అని అడిగాను.

చాలాసేపు చూసింది. "బాగుండాయి. బతికేవి తెచ్చినావు" అంది. గాలి వస్తే విండ్‌మిల్ ఆకులు అట్టముక్కల్లా టపటపమన్నాయి. "మన చెట్లయితే వాన పడినట్టు ఉండేది ఆ శబ్దం. పడుకొని వినేదాన్ని."

"పిండోకు మట్టలు పెరిగితే అట్టనే వస్తదక్కా. రెండు మూడేళ్ళు పట్టొచ్చు."

రెండు మూడేళ్ళు అన్నాక నా మాట నాకే వినబడింది. నేను పార కడగడానికి వంగాను. వంగి ఉండగానే వెనకనుంచి అడిగింది.

"నరికేముందు ఒక్క ఫోన్ ఎందుకు చెయ్యలేదురా?"

"చేస్తే వద్దంటావని."

"అవును, వద్దనేదాన్నే" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "అయినా చెయ్యాల్సింది."

నేను పార అక్కడే వదిలేసి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. తప్పయిందని చెప్పాలనుకున్నాను. ఆమె చెయ్యి నా తల మీద పెట్టి, జుట్టులో మట్టి ఉందని దులిపింది.

ఇంకో నాలుగు రోజులు ఉండి వచ్చేశాను. నర్సరీకి సీజను. జూన్‌లో వస్తానన్నాను, పోలేదు. అక్టోబరులో అనుకున్నాను, మా పాప ఇంజనీరింగ్ కాలేజీ పనుల్లో అదీ కుదరలేదు. ఫోన్ మాత్రం రెండు రోజులకొకసారి చేసేవాణ్ణి. నవంబరులో ఆకులు పైకి ఎత్తి తాడుతో కట్టడం, మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచడం, పిండోకు గోనెపట్ట చుట్టి పైన తడవకుండా కప్పడం, అన్నీ వీడియో కాల్‌లో చూపించాను. ఆయా చేస్తుంటే అక్క పక్కనుంచి నా మాటలు హిందీలో చెప్పింది. డిసెంబరులో మంచు పడిన రోజు ఫోన్ కిటికీ వైపు తిప్పి చూపించింది. విసనకర్రల మీద మంచు, కింద పచ్చగా ఆకు. ఆమె నవ్వింది. ఆ నవ్వు వెంటనే దగ్గయిపోయింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం చెప్పింది. "కిటికీ దగ్గరది పొయ్యిందిరా. మొవ్వు లాగితే చేతికొచ్చినాది. కుళ్ళు వాసన."

"ఎట్టా తడిసింది? కప్పు సరిగ్గా వెయ్యలేదా?"

"ఏమో. వేసినట్టే ఉండాది."

"నా తప్పే. దాన్ని ఎంచుకోకుండా ఉండాల్సింది. ఏప్రిల్‌లో ఇంకోటి తెస్తా."

"తేవాకు. నువ్వు రా" అంది.

మార్చి రెండో వారంలో అక్క పోయింది. నేను చేరేసరికి పెట్టెలో ఉంచారు. కొండ వాలులో ఉన్న చర్చి సమాధుల్లో పూడ్చిపెట్టాం. వచ్చిన వాళ్ళంతా హిందీలో ఆమె గురించి నాకు చెప్పారు, సగం అర్థమైంది. ఎంతమందికి కాన్పులు చేసిందో, ఎంతమంది పిల్లలకు పేరు పెట్టిందో.

మర్నాడు పెరట్లోకి పోయి చచ్చిపోయిన పిండోను తవ్వుతుంటే ఆయా వచ్చి నిలబడింది. తాను సరిగ్గానే కట్టానని, నేను తప్పుగా అనుకోవద్దని చెప్పుకుంది. నాకొచ్చిన కొద్దిపాటి హిందీలో, అనుకోలేదు అన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. జనవరిలో ఒక రోజు ఎండ వచ్చిందట. అక్క ఆక్సిజన్ గొట్టం తీసి పక్కన పెట్టి, గోడ పట్టుకొని పెరట్లోకి వచ్చి, గోనె తాళ్ళు విప్పేసిందట. గాలి తోలుతోందట. కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని, ఆకుల వైపు చెవి ఒగ్గి, ఆ చెట్టు పక్కనే సాయంత్రం దాకా కూర్చుందట. ఆయా తిట్టి లోపలికి తీసుకుపోయింది. మళ్ళీ కట్టేలోపే సన్నగా వాన, దాని వెనకే మంచు. మా తమ్ముడికి మాత్రం చెప్పొద్దు, బాధపడతాడు అని అక్క అందట.

నేను ఆ గుంటలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. ఆయా నా భుజం పట్టుకొని లేపేదాకా లేవలేదు.

ఆ ఇల్లు ఆసుపత్రిది. తరవాతి నెలలో ఇంకో నర్సుకు, తెలుగమ్మాయికే, ఇచ్చారు. నవంబరులో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పెరట్లో చెట్లు రెండున్నాయి, చలికి ఏం చెయ్యాలో ఆయాకు గుర్తు లేదట. నాకు మాట రాక, ఫోన్ మా ఆవిడకు ఇచ్చాను. మా ఆవిడ నన్ను చూస్తూ, నేను చేత్తో చూపిస్తుంటే, ఆకులు ఎట్లా ఎత్తి కట్టాలో ఒక్కొక్కటీ చెప్పింది.