బొట్టు పెట్టిన డిస్కులు

పెనుకొండ కొండ సాక్షిగా ఇందులో ప్రతి మాటా నిజం.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. నాకు హిందూపురంలో కంప్యూటర్ రిపేరు అంగడి ఉండేది. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే మస్తాన్ భాయ్, తన డిజైన్లన్నీ ఒక నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలో దాచాడు. అందులో రెండు డిస్కులు. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. ఒకటి పాడైంది. భాయ్‌కి చూపు మందగించింది, మళ్లీ గీయలేడు. మిగిలిన డిస్కే ఆయన జీవితం.

ఆయుధపూజ నాడు, ఆ పెట్టె ఉన్న మగ్గాల షెడ్డుకు కొత్త డిస్కు తీసుకెళ్లాను. నడుస్తున్న పెట్టెను ఆపి, మిగిలిన పాత డిస్కును తీసి, కొత్తదాని పక్కనే బల్లమీద పెట్టి నీళ్లు తాగి వచ్చాను. ఆలోగా షెడ్డు యజమాని నరసింహులు రెండింటికీ పేర్లు కనబడకుండా పసుపు పూసి బొట్లు పెట్టేశాడు.

"ఏమప్పా, ఏది పాతదో ఎట్ల తెలిసేది?"

"మగ్గానికి పెట్టి దీనికి పెట్టకుంటే అలగదా?"

తారుమారైతే ఖాళీ డిస్కు పాతదాన్ని తుడిచేస్తుంది.

"నా చీరల అంచులు యాడుండాయబ్బా?" భాయ్ బల్లంతా తడిమాడు.

రెండు డిస్కులనూ అరచేతుల్లోకి తీసుకున్నాను. ఒకటి చల్లగా ఉంది. ఇంకొకటి నిద్రలేచిన పిల్లిపిల్లలా వెచ్చగా ఉంది.

అప్పటిదాకా తిరిగిన వెచ్చనిదాని నుంచి చల్లనిదానికి కాపీ పెట్టాను. మగ్గాలు ఆగిన ఆ మధ్యాహ్నం, పెట్టె గురగుర వింటూ ముగ్గురం చాపమీద ఒరిగాం. జరీ నెమళ్లు వరుసకట్టి ఒక డిస్కులోంచి మరోదానిలోకి నడిచిపోయాయి. చివరిది ఆగి, నన్ను చూసి తలూపింది.

"అన్నీ వచ్చినాయి!" తెరకు ముక్కు ఆనించి భాయ్ అరిచాడు.

ఇందులో కల్పించింది ఒక్కటే. అవి నెమళ్లు కావు, హంసలు.