నానమ్మ వండి వడ్డించిన ఫైనల్

నా చిన్నప్పుడు మా భిలాయిలో వంటకాల పేర్లు వంటింట్లో కంటే బాస్కెట్‌బాల్ కోర్టులోనే గట్టిగా వినిపించేవి. అందుకు కారణం మా పక్కింటి అక్క. ఆమె మా ఆడపిల్లల జట్టుకి కెప్టెన్. జట్టులో మలయాళీ, పంజాబీ, ఛత్తీస్‌గఢీ అమ్మాయిలున్నా, ఎత్తుగడలకి పేర్లు మాత్రం అక్క తన తెలుగు వంటింట్లోంచే తెచ్చింది. 'పులుసు' అంటే బంతి లోపలికి, బుట్ట కిందికి. 'వేపుడు' అంటే అందరూ ఒక్క ఉదుటున పరుగు. 'పచ్చడి' అంటే బంతిని పక్కకి విసిరి, దూరం నుంచి షాట్. బయటి జట్లకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఏటేటా కప్పు మాకే వచ్చేది.

సాయంత్రం ప్రాక్టీసు చూడడం మా కాలనీలో మా సెక్టారు జనానికి అలవాటు. మా నానమ్మకి ఆట నియమాలేవీ తెలియవు గానీ, ఆ మూడు పిలుపులూ బాగా తెలుసు. అక్క 'పులుసు' అనగానే నానమ్మ, ఆమె వెనక మేమంతా 'పులుసూ' అని అందుకునేవాళ్లం. అలా అందుకోకపోతే ఆట చూసినట్టే ఉండేది కాదు.

ఆ ఏడు మొదటిసారి ఫైనల్ మా కోర్టులోనే. అక్క మోకాలు పాడైంది. ఇదే ఆఖరి ఆట అని డాక్టరు తేల్చేశాడు. కప్పు లేకుండా ఆమెని సాగనంపడం మాలో ఎవరికీ ఇష్టం లేదు. ఉక్కు ప్లాంటులో డ్యూటీ దిగిన నాన్న హెల్మెట్ చేత్తో పట్టుకునే గ్యాలరీకి వచ్చేశాడు. అందరం గొంతులు చించుకున్నాం.

అదే కొంప ముంచింది. అవతలి జట్టుకి తెలుగు రాదు. కానీ ఏ శబ్దం తర్వాత ఏ కదలిక వస్తుందో పట్టుకోవడానికి భాష అక్కర్లేదు. అక్క ఒక్కసారి అన్నది మేము గ్యాలరీ మొత్తంగా వాళ్లకి వినిపించాం. 'పులుసు' అంటే చాలు, వాళ్లు బుట్ట కింద గోడ కట్టేవారు. సగం ఆట అయ్యేసరికి మావాళ్లు బాగా వెనకబడ్డారు.

విరామంలో అక్క కుంటుకుంటూ మా దగ్గరికి వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికి పెద్దవాళ్లకి తెలిసిపోయింది. నానమ్మ తల వంచుకుని, "ఇంక నోరెత్తనే తల్లీ, ఒట్టు" అంది.

"నువ్వు నోరు మూసీసుకుంటే ఎలాగ నానమ్మా? ఇప్పుడే కదా నీతో పని!" అక్క నవ్వేసింది. "నీ నోటికొచ్చింది అరిసీ. మావాళ్లు అది వినరు, నా చేతి సైగ చూసుకుని ఆడతారు."

"ఏటీ, దొంగ వంటలా?"

వెనక నుంచి సుపేలా బజారు పాన్‌కొట్టు భయ్యా, "దాదీ, ఆజ్ పూరీ థాలీ పరోస్ దో!" అని అరిచాడు. ఇవాళ భోజనమంతా వడ్డించెయ్యమని. అందరూ గొల్లుమన్నారు.

ఇక నానమ్మ చెయ్యెత్తి 'పులుసూ' అంటే గ్యాలరీ అంతా పులుసు అంది. అవతలివాళ్లు బుట్ట కిందికి మూగారు. మా జట్టు మలయాళీ అమ్మాయి దూరంగా ఒంటరిగా నిలబడి తాపీగా బంతి వేసింది. 'వేపుడు' అన్నాం. వాళ్లు పరుగెత్తారు, మావాళ్లు నింపాదిగా నడిచారు. మా అరుపుల్ని వాళ్లు నమ్మడం మానేసిన సమయానికి, అక్క సరిగ్గా మేం అరిచిందే ఆడించింది.

ఆఖరి క్షణాల్లో స్కోరు సమానం. బంతి అక్క చేతిలో ఉంది. ఎవరూ చెప్పకుండానే నానమ్మ లేచి, ఆ కోర్టు ఎన్నడూ వినని మాట అంది. "గోంగూరా!" గ్యాలరీ దద్దరిల్లింది. అవతలి అమ్మాయిలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రెప్పపాటులో అక్క ఆ మోకాలితోనే ఎగిరి బంతిని బుట్టలో వేసింది.

జట్టంతా భుజాల మీదికి ఎత్తుకోబోతే ఆమె తప్పించుకుని వచ్చి, కప్పు నానమ్మ ఒళ్లో పెట్టింది. "ఓలమ్మో, ఎంత బరువో! దీంట్లో ఊరందరికీ పులుసు కాసీవొచ్చు" అంటూనే నానమ్మ ఏడ్చేసింది.

ఇప్పుడు నేను ప్లాంటులో ఇంజనీరుని. కొత్తగా చేరినవాళ్లలో ఉత్సాహం పట్టలేక పని చెడగొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లని పనిలోంచి పక్కన పెట్టెయ్యడం తేలిక. కానీ తన ఆఖరి ఆట చేజారిపోతున్నా అక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ ఆటనే మా చేతిలో పెట్టింది. అందుకే ఎవరినైనా నోరు ముయ్యమనే ముందు, ఆ గొంతు అవసరమైన పని ఎక్కడుందా అని వెతుకుతాను. దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.