ముందు మాట్లాడకూడని ఇల్లు

జాతీయవాద చరిత్ర బోధించిన మా అధ్యాపకురాలు గత సోమవారం కన్నుమూశారు. విభాగం నుంచి ఈమెయిల్ వచ్చేసరికి, డిబేట్ క్లబ్‌లో చదవడానికి ఆమె వాదనను ఖండించే ప్రసంగమే రాసుకుంటున్నాను.

ఆమె యూదురాలు. యూదులు ఒక జాతి అన్న ఆధునిక భావన అనాదిగా వచ్చినది కాదని, పత్రికలు, పటాలు, పాటలు, ప్రార్థనల్లోంచి వీధిలోకి తెచ్చుకున్న ఒక భాష కలిసి దాన్ని నిర్మించాయని మాకు నేర్పింది ఆమే. వాళ్ళ తాతగారితో కలిపి ముగ్గురు అన్నదమ్ములట. మనకంటూ ఒక రాజ్యం కావాలన్నారు ఒకరు. మన భాష మాట్లాడే కార్మికులున్న ఈ వీధే చాలన్నారు ఇంకొకరు. దేవుడే మన పాత భూమికి పిలిచేదాకా కదలకూడదన్నారు మూడోవారు. "ముగ్గురికీ సూప్ ఒకే గిన్నెలోంచి. ఆ బల్ల దగ్గరి పోట్లాటే మా జాతి," అని నవ్వేవారు.

నాకు నవ్వు రాలేదు. "నిర్మితమని మీరే అంటారు, శుక్రవారం సాయంత్రం మతాచారం ప్రకారం కొవ్వొత్తులూ మీరే వెలిగిస్తారు. ఇది కపటం కాదా?" అని నిండు తరగతిలో అడిగాను.

స్వెట్టర్ అంచుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఇల్లు కూడా ఎవరో కట్టిందే. అందుకని వానలో నిలబడతామా?"

"ఆ ఇల్లు కట్టడం కోసం వానలోకి నెట్టబడ్డవాళ్ళ సంగతి?"

ఆమె కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "అసలు ప్రశ్న అదే. దాన్ని తీసుకుని శుక్రవారం భోజనానికి రా," అన్నారు.

వెళ్ళలేదు. ప్రతి శుక్రవారం ఆమె నుంచి రెండే మాటలతో ఈమెయిల్ వచ్చేది: "కుర్చీ ఉంది." తిరుగులేని జవాబు సిద్ధమయ్యాకే వెళ్దామనుకుని, రూమ్మేట్ పనికి వెళ్ళిపోయాక, అమెరికాలో ఈ మోరిస్‌విల్ అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే పెరుగన్నం తినేదాన్ని.

బుధవారం ఆ రూమ్మేటే నన్ను అధ్యాపకురాలి ఇంటి ముందు డ్రాప్ చేసింది. "లోపల డిబేట్ స్టార్ట్ చేయకే తల్లీ," అంది.

తలుపు తెరిచే ఉంది. ఆమె అక్కగారు పొట్టి పీట మీద కూర్చున్నారు. నేను గొంతు సవరించుకోగానే పక్కనున్న పెద్దాయన మెల్లగా చెప్పారు: "సంతాపం పాటించే ఈ ఏడు రోజులూ ముందు ఆవిడ పలకరించాలి. అప్పటిదాకా మనం మాట్లాడకూడదు. మా ఆచారం."

ఏ వేదిక మీదైనా మొదటి ప్రసంగం నాదే. ఆ రోజు ఎదురుచూశాను. క్షమాపణా, ఖండనా రెండూ నాలుక మీదే ఉన్నాయి. అధ్యాపకురాలి జవాబుతో నేను ఇప్పటికీ ఏకీభవించను. కానీ ఆ మాట చెప్పుకోవడానికి ఆమె తప్ప నాకెవరున్నారు?

అక్కగారు పలకరించలేదు. చాలాసేపటికి తలెత్తి, భోజనబల్ల వైపు చెయ్యి చూపించారు. గోడవారగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని ఎదుట బల్ల మీద రెండు కొవ్వొత్తి స్టాండ్లు, వాటి మీద పోయిన శుక్రవారం కారి గడ్డకట్టిన మైనం. వెళ్ళి కూర్చున్నాను.