లాభం, రెండు, మూడు

శనివారం పొద్దున పుంగనూరు బస్సులో ఉండగా కుప్పం నుంచి మా అత్త ఫోన్ చేసింది. "పాప నిన్నట్నుంచి అమ్మా అంటాండాది. తొందరగా వచ్చేయమ్మా" అంది.

నేను మదనపల్లెలో గది తీసుకుని పుంగనూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఏడాది నిండిన నా కూతురు కుప్పంలో అత్త దగ్గర పెరుగుతోంది. వారానికోసారి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కితేనే నేను తల్లిని. ఆ మాట నా చెవులతో వినాలి. ఆ రోజు నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మా ఆఫీసు రైతుల దగ్గర రాగి విత్తనాలు తీసుకుని నిల్వ చేస్తుంది. ఏ బస్తాలో ఎంత తేమ ఉందో నా ప్రోగ్రామ్ చూపించాలి. డేటా అంతా ఒకదాని లోపల ఒకటి. మండలం లోపల ఊరు, ఊరి లోపల ఇల్లు, ఇంటి లోపల బస్తాలు, బస్తా లోపల తేమ. ఆ వరుస పెట్టిందీ నేనే, తిట్టుకునేదీ నేనే. ఆ రోజు ఎన్నిసార్లు నడిపినా ప్రోగ్రామ్ మధ్యలోనే చతికిలబడుతోంది, అడిగింది లోపల లేదంటోంది.

"అది పన్జేస్తే పోదువులేమ్మా. తడి బస్తా ఒకటి లోపలుంటే పక్కవీ బూజు పడ్తాయి" అన్నాడు మేనేజరు. నిజమే, కాదనలేను. తలుపు బార్లా తీసే ఉంది, నన్నెవరూ కట్టెయ్యలేదు, అయినా కుర్చీలోంచి లేవలేను.

ఒక్కో మెట్టూ దిగి చూశాను. చౌడేపల్లె మండలం ఉంది. దాని లోపల ఊరుంది, ఇల్లుంది, బస్తాలున్నాయి. రెండో బస్తా అడిగితే తేమ చెప్పింది, మూడోదీ చెప్పింది. ఒకటో బస్తా మాత్రం లేదంది. సోమల మండలంలోనూ అంతే. ఇంతమంది రైతులు కూడబలుక్కుని మొదటి బస్తా దాచుకున్నారా? ఆ విసుగులో ఉండగానే నా బస్సు టైము దాటిపోయింది.

చివరికి, బస్తాల కింద ఏ పేర్లున్నాయో అన్నీ రాసి చూపించమన్నాను. తెరమీద వచ్చింది: లాభం, రెండు, మూడు.

మా ఆఫీసులో బస్తాలు దించుకునే అక్క, చేతులకు దుమ్ము ఉంటుంది కాబట్టి, బస్తాల లెక్క ఫోన్‌కు నోటితో చెబుతుంది, అది విని ఫోనే టైపు చేసుకుంటుంది. ఆమెను పిలిచి అడిగాను. "ఒకటి అనకుండా లాభం అన్నావేందక్కా?"

"గింజల కాడ ఒకటి అని యాడన్నా మొదలుపెడ్తారామ్మా?" అంది, నాకేదో మతి పోయినట్టు చూస్తూ.

మా అవ్వ కూడా గింజలు కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అనే మొదలుపెట్టేది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. లాభం అన్నా ఒకటి అన్నా ఒకటేనని ప్రోగ్రామ్‌లో ఒక వరుస రాసి, సంచీ తగిలించుకుని పరిగెత్తాను.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి దీపాలు పెట్టారు. పాప గడప దగ్గర ఆడుకుంటోంది. నన్ను చూసింది. "అమ్మా" అంది, స్పష్టంగా. సంచీ కింద పడేసి చేతులు చాచాను.

పాప గిరుక్కున తిరిగి అత్త దగ్గరికి తప్పటడుగులు వేస్తూ పోయి, ఆమె మోకాళ్లలో ముఖం దాచుకుని మళ్లీ అంది, "అమ్మా."

అత్త ముఖం చిన్నబోయింది. "కాదు తల్లీ, అమ్మ ఆడుండాది సూడు" అంటూ పాపను నావైపు తిప్పబోయింది. పాప ఆ కొంగు వదల్లేదు. అత్త మీద నాకు కోపం రాలేదు. అసూయ వచ్చింది, కడుపు మండేంత అసూయ. సోమవారం పొద్దున మళ్లీ బస్సెక్కాలి. నా చేతిలో ఆదివారం ఒక్కటే ఉంది.