ప్యో ఒగిమ్ మెడ కింది భాగం

యోంగ్జు ఊళ్ళో ప్యో ఒగిమ్ కనీసం రెండు వందల సార్లు చచ్చిపోయింది. చచ్చిన ప్రతిసారీ తెల్ల చామంతుల మధ్య కూర్చుని, ఊరి జనం చేత సాష్టాంగాలు పెట్టించుకుని, మర్నాడు పొద్దున్నే వచ్చి స్టూడియో షట్టరు ఎత్తింది. ఇందులో అబద్ధం పాలు తక్కువే. ఎంత తక్కువో తెలియాలంటే కాస్త ఓపిక పట్టాలి.

స్టూడియో బస్టాండు ఎదురుగా ఉంటుంది. మొగుడు తక్ గిదోంగ్ ఫోటో తీసేవాడు, ఒగిమ్ దువ్వెన పట్టేది. ముప్పై ఏళ్ళలో ఆవిడ దువ్వని తల ఆ ఊళ్ళో ఒక్కటే ఉందంటారు, అది బుద్ధుడి గుళ్ళో సన్యాసిది. తీసిన ఫోటోని చివర్లో కత్తిరించడం కూడా ఆవిడ పనే. మధ్యలో కంప్యూటరు ముందు జరిగే మాయ అంతా గిదోంగ్‌ది. మచ్చలు పోగొట్టేవాడు, దవడలు సన్నం చేసేవాడు. అన్నిటికంటే పెద్ద పని చావు ఫోటో. ఎవరైనా పోతే ఆ సాయంత్రం చూడ్డానికి వచ్చేవాళ్ళు వంగి దణ్ణం పెట్టడానికి తెల్ల చామంతుల మధ్య నల్ల రిబ్బను కట్టిన పెద్ద ఫోటో ఉండి తీరాలి. ముందుచూపున్నవాళ్ళు బతికుండగానే తీయించుకుంటారు. తక్కినవాళ్ళ ముఖం ఏ పెళ్ళి గుంపులోంచో కోసి, మంచి బట్టల మీద అతికించాలి.

రెండువేల ఆరు మార్చిలో గిదోంగ్ పోయాడు. మెట్లెక్కుతూ మధ్యలో కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. ఒగిమ్ మూడు రోజులూ వచ్చినవాళ్ళకి చావింట పెట్టే ఎర్ర పులుసు అందిందో లేదో చూసింది, గుమ్మం దగ్గర చెప్పులు వరసగా సర్దింది. ఆడపడుచులు రుమాళ్ళు పట్టుకుని పక్కనే కాచుకున్నారు. ఆవిడకి ఏడుపు రాలేదు. పళ్ళ డాక్టరు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉంది. కొరికినా తెలియదు. ఆరో రోజు షట్టరు ఎత్తింది.

రెండు వీధుల అవతల ఇంకో స్టూడియో ఉంది. దాని యజమాని దో సాంగ్‌పిల్, గిదోంగ్‌ని అన్నా అని పిలిచేవాడు. వాడొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, ఈ షాపు నాకిచ్చెయ్. నీకు దువ్వెన తప్ప ఏం వచ్చని?"

"నేర్చుకుంటా."

"నువ్వు మౌసు పట్టుకుంటే బంగాళాదుంప చెక్కు తీస్తున్నట్టుంది."

"బంగాళాదుంప చెక్కు బాగానే తీస్తాను మరిదీ."

సరే, పందెం వేసుకున్నారు. మొదటి మంచు పడేలోగా ఆవిడ ఒక్క చావు ఫోటో ఎవరి సాయం లేకుండా చెయ్యాలి. ఆ ఇంటివాళ్ళు దాన్ని వెనక్కి పంపకుండా తీసుకెళ్ళాలి. అలా అయితే షాపు ఆవిడది, లేకపోతే తాళంచెవి సాంగ్‌పిల్‌ది. నేర్పేది కూడా సాంగ్‌పిలే. ఎదుటివాడికి కర్రసాము నేర్పి మరీ కొట్టుకునే రకం మనుషులు ఆ ఊళ్ళో ఇంకా మిగిలారు.

గురువారం గురువారం పాఠం.

"పొరలు అంటే ఏం లేదు వదినా. బీరువాలో బొంతలు పేర్చుకుంటాం చూడు, అంతే. పైదే కనిపిస్తుంది. దానికి చిల్లి పడితే ఆ చిల్లిలోంచి కిందిది కనిపిస్తుంది. పక్కన కన్ను బొమ్మ ఉందా? నొక్కు. బొంత మాయం. మళ్ళీ నొక్కు, వచ్చింది."

"ఊఁ."

"అసలు ఫోటోని మాత్రం చచ్చినా ముట్టుకోకు. నకలు తీసి పైన పరుచుకో, నీ తంటాలన్నీ దాని మీద పడు. ఈ ముద్ర బొమ్మతో బుగ్గ మీద శుభ్రమైన చర్మం తీసి మచ్చ మీద వెయ్యి. అయ్యో, ఆయనకి మూడో కనుబొమ్మ పెట్టావు. పర్లేదు, కంట్రోలు పట్టుకుని జెడ్ నొక్కు. జరిగింది జరగనట్టే."

ఒగిమ్ నొక్కింది. కనుబొమ్మ పోయింది.

"ఇలా ఎంత వెనక్కి పోవచ్చు?"

"ఇరవై సార్లు."

"ఇరవయ్యేనా," అంది ఒగిమ్. సాంగ్‌పిల్ కాఫీ కలుపుకొస్తానని లేచాడు.

ఎండాకాలం అంతా ఆవిడ చేతిలో పడ్డ ముఖాలు ఒలిచిన కోడిగుడ్లలా తేలాయి. ఒక పోస్టుమాను ముక్కుకి రంధ్రాలే లేకుండా పోయాయి. అక్టోబరుకల్లా మనుషులు మనుషుల్లా కనబడసాగారు. ఆవిడకి సంతోషమూ లేదు, విసుగూ లేదు. కూర్చునేది, నొక్కేది, లేచేది.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం గుక్ సుక్‌హీ అనే ఆవిడ రొప్పుకుంటూ వచ్చింది. ఆపిల్ తోటల వైపు మనిషి. తెల్లవారుజామున తల్లి పోయిందట, ఆరింటికి జనం వస్తారట. చేతిలో ఉన్నది ఒక్కటే ఫోటో. ఊరి ఆడవాళ్ళు సముద్రానికి వెళ్ళినప్పటిది, తొమ్మిది మంది వరసలో మూడో ఆవిడ, ఎండ టోపీతో, నోరంతా తెరిచి నవ్వుతోంది. ముఖం గోరంత ఉంది.

"ఇదొక్కటే ఉంది అక్కా. టోపీ తీసెయ్యగలరా?"

ఒగిమ్ సాంగ్‌పిల్‌కి ఫోన్ చేసింది. వాడు ఏదో పెళ్ళిలో ఫోటోలు తీస్తున్నాడు.

"పందెం పందెమే వదినా," అన్నాడు. "తాళంచెవి తుడిచి పెట్టు."

ఆవిడ కూర్చుంది. ముఖం కోసి పెద్దది చేసింది. టోపీ తీసేసింది, చెవి పక్కనున్న నాలుగు వెంట్రుకలనే ముద్ర వేసి వేసి జుట్టు మొలిపించింది. ఇక బట్టలు కావాలి. గిదోంగ్ దాచుకున్న ఫైలు ఒకటుంది, పేరు 'ఆడవాళ్ళ పట్టుబట్టలు'. అంతకుముందు ఆవిడ దాన్ని ఎప్పుడూ తెరవలేదు.

తెరిస్తే బియ్యప్పిండి మిఠాయిల కొట్టు ముసలావిడ లేత పచ్చ బట్టల్లో కూర్చుని చూసింది. ఆవిడ పోయి ఏడాది. ఒగిమ్ కన్ను బొమ్మ నొక్కింది. ముఖం పోయి కింద ఇంకో ముఖం, బళ్ళో వంటమనిషి. నొక్కింది. చేపల బండి ఆవిడ. గిదోంగ్ ఏ ముఖాన్నీ తీసెయ్యలేదు, ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పోయాడు. మెడ కింద మాత్రం అందరికీ అవే భుజాలు, అదే రవికె, ఛాతీ మీద రవికె పట్టీలు కట్టిన అదే ముడి. గోడ గడియారం నాలుగున్నర దాటింది. ఆవిడ నొక్కుతూనే ఉంది.

అట్టడుగు పొరలో ఒగిమ్ ఉంది. ఏడేళ్ళ కిందటి ఒగిమ్, గిదోంగ్ తమ్ముడి పెళ్ళికి కుట్టించుకున్న బట్టల్లో. లైటు చూసుకోవాలి కూర్చోమన్నాడు గిదోంగ్ ఆ రోజు. పొయ్యి మీద అన్నం ఉందే అన్న ముఖం పెట్టుకుని కూర్చుంది. ఆ చిరాకంతా ముఖంలో అలాగే ఉంది. తొందర్లో కట్టుకున్న ఛాతీ ముడి వదులుగా ఉంది.

ఆవిడ ఆ ఫోటోని గిరాకీల ఫోటోల్ని చూసినట్టే చూసింది. చేతులు చల్లగా ఉన్నాయనిపించింది. తర్వాత ఆపిల్ తోట ముసలమ్మ ముఖాన్ని తెచ్చి తన ముఖం మీద పెట్టింది. ముసలమ్మది పొట్టి మెడ, ఒగిమ్‌ది పొడుగు. సర్దేసరికి అయిదున్నర.

సుక్‌హీ తెర ముందు వంగి చాలాసేపు చూసింది.

"మా అమ్మ పుట్టుమచ్చ ఏది?"

ఒగిమ్‌కి గుర్తింపు కార్డుల ఫోటోలు చేసిన అలవాటు. మచ్చ కనబడితే చెయ్యి దానంతటదే వెళ్ళి తుడిచేస్తుంది.

"అది లేకపోతే నేను తీసుకెళ్ళలేను అక్కా. మా పెద్దన్నయ్య ఆవిడెవరో అనుకుంటాడు."

ఒగిమ్ కింద దాచిన అసలు పొర కన్ను తెరిచింది. పై బొంతకి పెదవి పక్కన చిన్న చిల్లి పెట్టింది. పుట్టుమచ్చ తన చోట తాను ఉంది. సుక్‌హీ దాన్ని తెర మీద వేలితో ముట్టుకుని, ప్రింటు తీయమంది. ఫ్రేములో పెట్టి, గుడ్డ చుట్టి, పరుగున వెళ్ళిపోయింది.

ఏడింటికి సాంగ్‌పిల్ పెళ్ళి సూటులోనే వచ్చాడు.

"మెడ దగ్గర అతుకు తెలుస్తోంది."

"తీసుకెళ్ళారు."

"వెనక్కి పంపలేదూ?"

"లేదు."

వాడు తెర వైపు ఇంకాసేపు చూశాడు. "అడుగు దాకా వెళ్ళావా?"

"వెళ్ళాను. నీకు ముందే తెలుసా?"

"తెలుసు. అన్న చెప్పొద్దన్నాడు. మా షాపులో బొమ్మకి తొడిగి తీసిన బట్టలు వాడతాం. ఆయనకి అవి నచ్చలేదు, మనిషి కూర్చున్నట్టుండదన్నాడు." మెడలో టై వదులు చేసుకున్నాడు. "సరేలే. తాళంచెవి నువ్వే ఉంచుకో."

ఈ కథ ఊళ్ళో ఇప్పుడు చాలా పెరిగింది. అడుగు పొరలో తనని చూసుకుని ఒగిమ్ మూడు గంటలు గుండెలు బాదుకుని ఏడ్చిందనీ, కన్నీళ్ళు లోపలికి పోయి కీబోర్డు కాలిపోయిందనీ, ఆ రాత్రి గిదోంగ్ కల్లోకి వచ్చి మెచ్చుకున్నాడనీ మంగలి షాపులో చెప్పుకుంటారు. అదే మాట ఆవిడ దగ్గర ఎత్తితే, ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో కత్తిరిస్తూ తల ఎత్తకుండా చెప్పింది:

"ఏడవలేదు. కీబోర్డు పాతదే, పనిచేస్తోంది. ముడి వదులుగా ఉంటే బిగించాను."